తొట్టి మీద టార్పాలిన్

ఎవరో ముసలావిడ వాడేసిన రంగు నీళ్ళ తొట్టి మీది టార్పాలిన్ లాగేస్తోంది.

అద్దకం షెడ్డు యజమానురాలు చేతిలోని నూలు వదిలేసి పరుగున వచ్చింది.

“ఏయ్, ఎవరమ్మా నువ్వు? ముందు ఆ చెయ్యి తియ్!”

ముసలావిడ బెదరలేదు.

“ఇలా కప్పేస్తే ఎలాగమ్మా? లోపల పలకలకు పూసిన మట్టికి ఎండ తగలాలి.”

“బాగుంది! రంగుకీ ఎండకీ ఉప్పూ నిప్పూ. నూలైనా గుడ్డైనా నీడనే ఆరేస్తాం మేము.”

“నూలు సంగతి వేరు. ఈ మట్టి ఎండ తగిలితేనే నీళ్ళలోని రంగును విరిచేది.”

“కాలేజీ వాళ్ళిచ్చిన మందు మట్టి అది. పాడైతే నువ్విస్తావా? మధ్యాహ్నం ఆఫీసరు వస్తాడు. నీళ్ళు తేటపడకపోతే షెడ్డుకి తాళమే. మా రంగు కాలువలో కలుస్తోందని ఫిర్యాదు పెట్టిన మహాతల్లి ఎవరో గానీ, ఆవిడ కడుపు చల్లబడుతుంది!”

ముసలావిడ ఒక్క క్షణం ఆగింది.

“తాళం పడదులే,” అని, టార్పాలిన్ పూర్తిగా లాగి కింద పడేసి వెళ్ళిపోయింది.

మరిది తల గోక్కుంటూ వచ్చాడు.

“వదినా, ఈ మట్టి తెచ్చిచ్చిన కాలేజీ అమ్మాయి కూడా ఎండ గురించి ఏదో అన్నట్టే గుర్తు.”

“అప్పుడే చెప్పొచ్చుగా?”

“నువ్వు మాట్లాడుతుంటే నాకు సందు దొరికితేగా!”

ఆమె టార్పాలిన్ వైపు చూసింది. కప్పినన్నాళ్ళూ నీళ్ళు సిరాలాగే ఉన్నాయి. ఇంతకన్నా చెడేదేముంది?

“సరే, అలాగే ఉండనీ.”

ఎండ ఎక్కింది. సిరా రంగు మెల్లగా పలచబడింది. జీపు వచ్చేసరికి తొట్టి అడుగున మట్టి పూసిన పలకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి.

ఆఫీసరు గ్లాసుతో ముంచి వెలుతురుకు పట్టి చూశాడు. సీసాలో కొంచెం పట్టుకున్నాడు.

“బాగున్నాయి. పని చేసుకోండి.”

ఆమె ఉన్నచోటే కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

“వదినా, లే, అక్కడంతా తడి.”

“తడవనీరా!”

కళ్ళు తుడుచుకుని ఆఫీసరుతో అంది.

“పొద్దున ఒక ముసలావిడ వచ్చి ఈ కప్పు తీసింది సార్. కసిరి పంపేశాను. కాలేజీ ఆవిడేమో, కాళ్ళు పట్టుకుందామంటే ఎక్కడుంటుందో!”

“కాలేజీ ఆవిడ కాదమ్మా. దిగువన కాలువ దగ్గర దుప్పట్లు ఉతికే ఆవిడ. మీ రంగు పట్టి దుప్పట్లన్నీ పాడయ్యాయి. అయినా ‘షెడ్డు మూయించకండి, నీళ్ళు బాగు చేయించండి’ అని కాలేజీ చుట్టూ తిరిగి మీకు ఈ మట్టి ఇప్పించింది.”

“అయ్యో, ఇప్పుడే వెళతాను సార్!”

“ఇంకెక్కడ? పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇందాకే బస్సెక్కుతూ ‘ఈపాటికి తేటపడి ఉంటాయి, వెళ్ళి చూడండి’ అంది.”

జీపు ఎక్కబోతూ ఆగాడు.

“మీ మీద ఫిర్యాదు పెట్టిందీ ఆవిడే.”