జింకనెక్కిన కోతి

అడవికి సవారీల మోజు తగులుకున్న రోజుల్లో పింగళుడనే కుర్ర కోతికీ ఆ సరదా పుట్టింది.

"ముందు నా వీపు మీద నేర్చుకోరా," అంది ముసలి గాడిద.

"నలుగురూ నవ్వరూ మామా? జింకనెక్కుతా. గుర్రమంత పెద్దదేం కాదుగా, మధ్యరకమే!"

"ఎంత ఎత్తుందని కాదురా, ఎంత చురుగ్గా ఉరుకుతుందో చూడు."

కోతి వినలేదు. జింకనెక్కి, అది కదలగానే భయపడి దాని డొక్కలకు మడమలు బిగించింది. బిగించిన కొద్దీ జింక ఇంకా ఉరికింది. మొదటి మలుపులోనే కోతి ఎగిరి రేగుపొదలో పడింది.

గాడిద తాపీగా వచ్చి పళ్ళతో ముళ్ళు పీకింది.

"తప్పు నాదా మామా?" అంది జింక బిక్కమొహంతో.

"నీదేం లేదమ్మా. వీడే ఇంకో ఏడాది ఆగాల్సింది."

కోతి మూలుగుతూ గాడిద వీపెక్కి చెవిలో గొణిగింది: "మెల్లగా పో మామా. ఎవరైనా అడిగితే, కాలు బెణికి ఎక్కాడని చెప్పు."