ఎల్లేశ్ అరచెయ్యి

“చెవులు ఇనరానోడు సైలెన్సర్ సప్పుడు ఎట్ల ఆపుతడు? నా తాళంచెయ్యి నాకియ్యి!”

ఈశ్వరయ్య చెయ్యి చాపాడు. మెకానిక్ ఎల్లేశ్ అప్పటికే బండి పక్కన గొంతుక్కూర్చుని ఇంజిన్ కిందికి చూస్తున్నాడు. ‘ఆయనకు ఇనరాదు సేటూ, ఏదున్నా నాకు చెప్పు’ అని అతని భార్య కళావతి చెప్పినందుకే ఈ గొడవంతా.

“పని ఆయన చేస్తడు సేటూ, నీ మాట నేనందిస్త. పని నచ్చకపోతే అప్పుడను,” అంది కళావతి నెమ్మదిగా.

ఈశ్వరయ్యకు మొగుళ్లపల్లిలో కిరాణా దుకాణం. భూపాలపల్లి దవాఖానలో అతని కూతురు అఖిలకు ఆ మధ్యాహ్నం పన్నెండింటికి కాన్పు ఆపరేషన్. సగం దారికి వచ్చాడో లేదో, ఇంజిన్‌కు సైలెన్సర్ గొట్టం కలిసే చోట పటపటమని మోత మొదలైంది. వేడి పొగ కొట్టి పంచె అంచు కమిలింది. బస్సుకింకా గంట ఉంది. దగ్గరలో ఉన్నది ఈ రేకుల షెడ్డు ఒక్కటే. అదీ పెట్టి వారం కాలేదు.

జేబులో ఫోన్ మోగింది.

“బాపూ, ఏడిదాంక వచ్చినవ్? నాకు బుగులైతాంది. నువ్వొచ్చినంకనే లోపలికి పోత.”

“వస్తున్న బిడ్డా, దగ్గరికే వచ్చిన,” అని అబద్ధమాడాడు. ఫోన్ పెట్టేసి కళావతి వైపు తిరిగేసరికి అతని గొంతులో కోపం లేదు. “నా బిడ్డకు ఆపరేషన్ ఉన్నదమ్మా. జర జల్ది చెయ్యమను.”

కళావతి భర్త భుజం తట్టింది. తన పొట్ట ముందు చేతిని గుండ్రంగా తిప్పి, మణికట్టు మీద వేలితో రెండుసార్లు కొట్టింది. ఎల్లేశ్ తలెత్తి ఈశ్వరయ్యను చూశాడు. అర్థమైందన్నట్టు గుండె మీద చెయ్యేసుకున్నాడు.

కానీ తొందరపడలేదు. తుప్పు పట్టిన రెండు నట్ల మీద నూనె చుక్కలు వేసి, గొట్టం చల్లారేదాకా ఆగాడు. ఈశ్వరయ్య షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. ఎల్లేశ్ నట్లు విప్పి, గొట్టం దింపి, అతుకులోంచి గాలి పోకుండా ఆపే ప్యాకింగ్ రింగు కాలి అణిగిపోయి ఉంటే బయటికి తీశాడు. లోపల పేరుకున్న మసి గీరి, కొత్త రింగు పెట్టి, నట్లను అటు కొంచెం ఇటు కొంచెం బిగించాడు. బండి స్టార్ట్ చేశాడు.

మోత లేదు.

“అయిపాయె! ఇగ ఇయ్యమను.” ఈశ్వరయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు.

ఎల్లేశ్ వదల్లేదు. అతుకు చుట్టూ అరచేతిని వేలెడు దూరంలో తిప్పుతూ ఒకచోట ఆగాడు. తల అడ్డంగా ఊపి, భార్యకు సైగ చేశాడు.

“కింది దిక్కు ఇంకా గాలి కొడ్తున్నదట సేటూ. గిట్లనే పోతే దారిల మల్ల మొదలైతదట.”

“ఇనపడే నాకే ఏం ఇనపడ్తలేదు! గాయనకెట్ల తెలిసె?”

కళావతి సైగ చేయగానే ఎల్లేశ్ ఈశ్వరయ్య చెయ్యి పట్టుకుని ఆ చోటు దగ్గర పెట్టాడు. సన్నగా, చంటిపిల్ల ఊపిరంత గాలి, వెచ్చగా అరచేతికి తగిలింది.

ఈశ్వరయ్య హ్యాండిల్ వదిలేశాడు. ఎల్లేశ్ మళ్లీ విప్పుతుంటే తానే పక్కన కూర్చుని వేడి గొట్టాన్ని గుడ్డతో పట్టుకున్నాడు. వంకరగా కూర్చున్న రింగు ఈసారి సరిగ్గా కూర్చుంది. బండి స్టార్ట్ కాగానే ఎల్లేశ్ కంటే ముందు తన చెయ్యే పెట్టి చూశాడు. ఎక్కడా గాలి లేదు. టైం పదకొండు దాటింది. ఇరవై నిమిషాల దారి.

“నా బిడ్డ దగ్గరికి టైంకు పోత,” అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. “అమ్మా, పరేషాన్‌ల నోరు జారిన. ఏమనుకోవద్దని మీ ఆయనకు చెప్పు.”

కళావతి చేతులతో చెప్పింది. ఎల్లేశ్ నవ్వి, ‘పోయిరా’ అన్నట్టు చెయ్యూపాడు.

బండెక్కిన ఈశ్వరయ్య ఆగి, ఆమె వైపు తిరిగాడు.

“ఆయన చేతులు, నీ చెవులు. మీ దుకాణం మంచిగ నడుస్తది బిడ్డా!”

“నాకు సుత ఇనరాదు సేటూ, నీ పెదవులు చూసుకుంటనే మాట్లాడుతున్న,” అంది కళావతి. “జర నిజం చెప్పు, సప్పుడు మొత్తం పోయిందా?”