ఆకుపచ్చ బస్సు

నాంపల్లి స్టేషన్‌లో రైలు కూత వేశాక గానీ మా పక్కింటి షౌకత్ ఆపా కూర్చున్న కిటికీ నాకు దొరకలేదు.

"ఆపా, దిగు! నేను చెప్పిందంత మజాక్!"

మా హుస్సేనీ ఆలం బస్తీలో నా మజాక్‌కు చిక్కనివాళ్లు లేరు. పాకిస్తాన్‌తో యుద్ధమైనప్పటి నుంచి, రెండేళ్లుగా, కరాచీలోని చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం లేక ఆపా ఏడుస్తుంటే, ఊరడిద్దామని ఓ కోత కోశాను.

"నేపాల్‌కు వీసా వద్దు, పాస్‌పోర్టు వద్దు. ఆడికి పో. ఆడికెల్లి కరాచీకి ఆకుపచ్చ బస్సున్నది. పొద్దుగాల పోయి మాపటికి మల్ల నేపాల్ రావచ్చు."

కుట్టుమిషన్ అమ్మి టికెట్టు తీసుకుందని ఇవాళే తెలిసింది.

"ఆ బస్సు లేదు ఆపా! నీ కాళ్లు మొక్కుత, దిగు!"

చెల్లెలి కోసం కుట్టిన కుర్తాను ఆమె ఒళ్లో సర్దుకుంది.

"లేదని ఎర్కే, ఆగయ్య తమ్మీ. నువ్వు చెప్పిన దినమే ఎర్కైంది."

"మరి ఏడికి పోతున్నవ్?"

రైలు కదిలింది. ఊచల్లోంచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంట్ల కూసోని ఏడ్చుడుకంటె ఆ దిక్కు పోవుడే నయం. ఇంకొక్కసారి చెప్పు తమ్మీ. బస్సు ఏ రంగుదన్నవ్?"

ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తాను.

"ఆకుపచ్చది ఆపా! ఆకుపచ్చది!"