ముప్పయ్యో గడి

ఆఖరి గడిలో వైశాలి ‘ప్రే’ అని కొట్టిందో లేదో, ఫోన్ తెర మీద ఆ గడి చుట్టూ ఆకుపచ్చ గీత వెలిగింది. పక్కన ‘ఉమారాణి’ అని చిన్న అక్షరాలు; ఆమె ఏం రాస్తోందో మాత్రం కనబడదు.

ఉచిత కంటి ఆపరేషన్లకు పేర్లు రాసే షీట్ అది. ఇబ్రహీంపట్నం నుంచి వైశాలి, మంచాల నుంచి ఉమారాణి, ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలూ ఒకేసారి నింపుతారు. ముప్పై మందికే చోటు. ఒకే గడిలో ఇద్దరు రాస్తే తర్వాత నొక్కినవాళ్ల పేరే మిగులుతుందనీ, ఎదుటివాళ్ల గీత కనిపిస్తే ఆగాలనీ శిక్షణలో చెప్పారు.

వైశాలి ఆగింది. ఆ గీత పక్కకు జరిగేదాకా మాత్రమే. అప్పుడు నొక్కింది. ‘ప్రేమమ్మ, మంచాల’ నిలిచింది.

ప్రేమమ్మ వైశాలి తల్లి; మంచాలలో ఉమారాణి వాళ్ల వాడలోనే ఉంటుంది. రెండు కళ్లకూ శుక్లాలు. మొన్ననే పొయ్యి మంట కనబడక చెయ్యి కాల్చుకుంది. ఉమారాణి తల్లి సుక్కమ్మకూ అదే జబ్బు.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు ప్రేమమ్మ కూతురి గడ్డం పట్టుకుని, “గింత చిక్కినవేంది బిడ్డా?” అంది. వైశాలి ముఖం తిప్పుకుంది.

ఆ సాయంత్రమే మంచాల స్టాపులో సుక్కమ్మ కనబడింది. కూతురి భుజం పట్టుకుని, కాలితో మెట్టు వెతుక్కుంటూ బస్సు దిగుతోంది. వైశాలి ఒక షాపు వెనక్కి తప్పుకుంది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు ఉమారాణి ఇంటికి వెళ్లింది.

“కూసో చెల్లె,” అంది ఉమారాణి, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

వైశాలి కూర్చోలేదు. “అక్కా, ఆఖరి గడిల నువ్వు కొడుతున్నవని నాకెరుకే. నువ్వు నొక్కేదాక ఆగి, దాని మీద నేను నొక్కిన. నువ్వు రాసిన పేరు చెరిపేసిన.”

ఉమారాణి చేతులు ఆగాయి. “చెరిపినవా? నేను మల్ల చూసిన గద. పేరు అట్లనే ఉండె.”

“అది నేను కొట్టిన పేరు. మా అమ్మది. పెద్దమ్మ బస్సు దిగుతుంటే చూసిన. నీకు మొఖం చూపెట్టలేక దాక్కున్న.”

ఉమారాణి చిక్కుడుకాయలు పక్కకు జరిపింది. వైశాలి వంచిన తల ఎత్తలేదు.

“మీ అమ్మ చెయ్యి కాలింది చూసిన. నేను గూడ ప్రేమమ్మ అనే కొట్టిన, చెల్లె.”