మబ్బుకొండ దారి

మబ్బులు దిగొచ్చి చెట్ల మీద కూర్చునే కొండ ఒకటుంది. దాని అవతల ఉండే అక్క పిల్లల్ని పెట్టిందని విని, కింది మైదానంలోని కుందేలు చూడటానికి బయలుదేరింది. దారి చూపిస్తానని గోరింక తోడొచ్చింది.

"ఈ దారి రాజులు వేయించారు. ఆ బండ మీద రాణిగారు కూర్చునేవారు," అని ఎగురుతూ చెబుతూనే ఉంది గోరింక.

కొండ మధ్యకు వచ్చేసరికి మంచు కమ్మేసింది. గోరింక కిందికి వాలింది. "నాకూ ఏమీ కనబడటం లేదు. రెండు పక్కలా లోయలే," అంది మెల్లగా. కుందేలు ఉన్నచోటే ఆగిపోయింది.

వెనక నుంచి ఒక ముసలి ఏనుగు వచ్చింది. "కాలితో తడిమి చూడవే తల్లీ. నున్నగా అరిగిన చోటే దారి. మా అమ్మమ్మలు నీళ్ల కోసం నడిచి నడిచి వేసిన దారి ఇది," అంది.

గోరింక ఏనుగు వీపెక్కింది. కుందేలు తడిమింది. పాదం కింద నిజంగానే దారి ఉంది. వెనకే ఏనుగు వస్తుంటే, ఒక్కో అడుగే వేసుకుంటూ కొండ దిగేసరికి, అవతల ఎండలో అక్క, నలుగురు పిల్లలూ ఎదురొచ్చారు.

గోరింక మాత్రం ఏనుగు వీపు మీదే ఉండిపోయింది.

"మామ్మా, మీ అమ్మమ్మ పేరేమిటి?" అని అడిగింది. అది ఒకరిని ఒక మాట అడగడం అదే మొదలు.