పట్టని సంచి

"ఈ గుడ్డ ఈ సంచిలో పట్టదమ్మా," అన్నాడు సైమన్.

ఉదయగిరిలో టార్పాలిన్లు కుట్టే సైమన్ ఒకప్పుడు ఆగ్రాలో సైన్యానికి పారాచూట్లు మడిచి సంచుల్లో సర్దినవాడు. ఆ సంగతి ఎవరో చెబితే ఏంజెలిన్ పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కి వచ్చింది. ఒక చేతిలో పెద్ద పారాచూట్ గుడ్డ. ఇంకో చేతిలో వీపుకు తగిలించుకునే కొత్త సంచి. రెండూ ఆమె భర్త దయాసాగర్‌వి. అతనిది ఎక్కడో సముద్రం ఒడ్డున, విమానంలోంచి దూకడం నేర్పే ఉద్యోగం.

"సంచి మొన్ననే కొరియర్‌లో వచ్చింది పెదనాయనా. పేరు కూడా కుట్టించుకున్నాడు. దీంట్లోనే పెట్టాల."

"ఇది చిన్న గుడ్డకు కుట్టిన సంచి. నువ్వు తెచ్చింది ఇంత పెద్దది. కుక్కితే పడతాది. కానీ పైన గాల్లో తాడు లాగినప్పుడు బయటికి రాదు."

"రాకపోయినా పర్లేదు."

సైమన్ చేతులు ఆగిపోయాయి.

ఆగ్రాలో ఒక కుర్రవాడు అలాగే పోయాడు. ఎవరో తొందరపడి కుక్కిన సంచి. నేలను తాకేదాకా తాడు లాగుతూనే ఉన్నాడు. ఇప్పటికీ సైమన్ కళ్ళు మూస్తే చాలు, ఆ కుర్రవాడు వీపు తడుముకుంటూ వచ్చి పక్కన నిలబడతాడు. ఇప్పుడూ వచ్చాడేమోనని సైమన్ భయం భయంగా గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఏందమ్మా నువ్వు అనేది?"

"గట్టిగా కట్టు పెదనాయనా. మళ్ళీ విచ్చుకోకూడదు."

"ఈ మాట నీ మొగుడికి తెలుసా?"

ఏంజెలిన్ తల వంచుకుంది.

"వారం ఆగమ్మా. దీనికి సరిపడే సంచి నేనే కుట్టిస్తాను. డబ్బులేం వద్దు."

"ఆగేదానికి లేదు. రేపు పొద్దున్నే. చుట్టాలంతా వచ్చేసినారు."

చూడ్డానికి చుట్టాల్ని కూడా పిలిచిందా! అనుకున్నాడు సైమన్. మొగుడూ పెళ్ళాల మధ్య ఏముందో తనకెందుకు? కానీ తెలిసి తెలిసి ఇంకో మనిషిని అలా నేల మీద పడనివ్వడం అతని వల్ల కాదు. రాత్రిళ్ళు పక్కన నిలబడేవాడు ఒక్కడు చాలు.

చటుక్కున కత్తెర అందుకున్నాడు. సంచి భుజం పట్టీలు రెండూ కోసి పారేశాడు.

"ఇప్పుడు దూకమను, చూస్తాను!"

ఏంజెలిన్ అరవలేదు. తెగిన పట్టీలు ఏరి ఒళ్ళో పెట్టుకుంది. సంచి మీద భర్త పేరు ఉన్నచోట కొంగుతో తుడిచింది.

"పట్టీలు లేకపోయినా పర్లేదులే పెదనాయనా, సముద్రంలో మనిషి దొరకలా, రేపు శవపెట్టెలో పెట్టి పూడ్చేది ఈ సంచినే."