గోడ మీద మసి

“నమ్మొద్దు. ఇది పొయ్యి మసి కాదు, రంగు,” అన్నాడు కన్నన్, ఆ పల్లెటూరి ఇంటి వంటగది గోడ మీద వేలు రాసి చూసుకుంటూ.

వేలు నల్లగా అయింది. అతని భార్య ప్రియదర్శిని నవ్వు ఆపుకుంది.

“రంగైతే ఇట్లా అంటుకుంటాదా?”

“అంటుకునే రంగులు కూడా వచ్చినాయి.”

కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో కన్నన్‌ది అందెవేసిన చెయ్యి. అయితే ఈరోజు అతని అనుమానం వెనక ఒక బాధ కూడా ఉంది. తిరువాలంగాడులో పచ్చయమ్మ అవ్వ దగ్గర పెరిగాడతను. ఆ మట్టిల్లు ఇప్పుడు లేదు. అవ్వా లేదు. మసి పట్టిన వంటిల్లు, రోట్లో దంచిన సద్దలు, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పే ఎద్దులు, ఇవన్నీ ఇప్పుడు అంబత్తూరు అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు చెప్పే కథలయ్యాయి. తొమ్మిదేళ్ళ ముకేశ్ అవి వింటూ “రీల్ విడాదే అప్పా” అంటాడు, కోతలు కోయొద్దని. ఆ మాట కన్నన్‌కు ముల్లులా గుచ్చుకునేది.

అందుకే ఫోన్‌లో ప్రకటన కనబడగానే ఆదివారం కారు తీశాడు. తిరువళ్ళూరు దాటాక, పెరియపాళయం దారిలో, పాతకాలపు పల్లెబతుకును బతికి చూపించే తోట ఉందట. చేరుకున్నారని మ్యాప్ చెప్పిన చోట కారు ఆపితే, వేపమండల తోరణం కట్టిన వాకిలి, లోపల ఎద్దుల బండి కనబడ్డాయి. దిగిపోయారు.

టికెట్ అడిగినవాళ్ళే లేరు. మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

“పోయేటప్పుడు మొత్తం కలిపి గుంజుతారు చూడు,” అన్నాడు భార్యతో.

అరుగు మీద కన్నియమ్మ అనే ముసలామె పెద్ద కుండలోంచి అంబలి ముంచుతోంది. మొదట అరవంలో పిలిచింది. వీళ్ళ మాటలు చెవిన పడగానే తెలుగులోకి దిగింది.

“రాండి నాయనా, కాళ్ళు కడుక్కోండి. ఆడి నెల కూళు, అమ్మవారి అంబలి. పిల్లోళ్ళకి ముందు పోస్తా.”

“మీదీ తెలుగేనా అవ్వా?” అంది ప్రియదర్శిని సంబరంగా.

“తాతముత్తాతల కాడి నుంచీ అంతే కదమ్మా.”

“వచ్చినోళ్ళ భాష బట్టి మారుస్తా ఉండాది. బాగా నేర్పినారు,” అని గొణిగాడు కన్నన్.

అయిదేళ్ళ కూతురు జనని ఉల్లిపాయ కొరుక్కుంటూ గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపింది. కన్నన్ కూడా ఒక గుక్క తాగాడు. అచ్చం పచ్చయమ్మ అవ్వ చేతి అంబలే. వెంటనే అనుమానం లేచింది. ఇంత బాగా కుదిరిందంటే ఏ హోటల్ వంటవాణ్ణో పెట్టుంటారు.

లోపల నులక మంచం మీద ఒక ముసలాయన దగ్గుతున్నాడు. అమ్మ ఫోన్ తీసుకుని ముకేశ్ అతని ముందు నిలబడ్డాడు.

“తాతా, ఇంకోసారి దగ్గు. వీడియో సరిగ్గా రాలేదు.”

ముసలాయన వాణ్ణి చూసి బోసినోటితో నవ్వాడు. పిల్లవాడు అడిగాడు కదా అని దగ్గాడు. ఈసారి దగ్గు ఆగలేదు. కన్నియమ్మ నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది.

“ఈయన లేచి తిరగాలనే ఈ కూళు మొక్కుకున్నా. వాకిట్లోకి ఎవరొచ్చినా కడుపు నిండా పోయాల. మిగతాది అమ్మవారు చూసుకుంటాది.”

ప్రియదర్శిని కళ్ళు తుడుచుకుంది.

“నీకేమైనా పిచ్చా?” అన్నాడు కన్నన్ ఆమె చెవిలో. “వీళ్ళకి కథ కూడా రాసిచ్చినారు. ఆయన కొంచెం ఎక్కువ చేస్తా ఉండాడు, అంతే.”

ఆ తర్వాత దొంగ దొరికినట్టే దొరికింది. మూల పాత చీర కప్పి ఉంటే, తొలగించి చూశాడు. టీవీ! దాని పక్కన ప్లాస్టిక్ బిందె. ముసలాయన దిండు కింద మాత్రల అట్టలు. కిటికీలో ఫోన్ చార్జర్.

“ముకేశ్, ఇట్రా! పాతకాలంలో టీవీ ఉండిందా?”

“అయ్యే, అంతా డూపా?” అన్నాడు ముకేశ్. వాడి మొహం చిన్నబోయింది. “అయితే నువ్వు చెప్పే పచ్చయమ్మ అవ్వ కూడా డూపేనా అప్పా?”

కన్నన్ మొహం కందగడ్డ అయింది. ఏ మాట మాన్పిద్దామని ఇంతదూరం వచ్చాడో, ఆ మాటే ఇంకా పెద్దదై ఎదురొచ్చింది. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. విసవిసా అరుగు మీదికి వచ్చి జేబులోంచి నోటు తీసి చాపాడు. కన్నియమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మొక్కుకి దుడ్లు తీసుకుంటే ఫలం పోతాది నాయనా.”

“సరే అవ్వా, చాలు. బాగానే నటిస్తా ఉండారు. కానీ ఆ టీవీని లోపల దాచిపెట్టాల. తాతని దగ్గు తగ్గించమనాల. పిల్లోళ్ళు నమ్మాల కదా? మీ మేనేజరు యాడ ఉండాడు?”

కన్నియమ్మ గరిటె కుండలోనే ఆగిపోయింది. ఒకసారి మంచం వైపు చూసింది. జనని మళ్ళీ చాపిన గిన్నెలో అంబలి పోసింది. తర్వాత మెల్లగా అంది.

“టికెట్టు తోట రోడ్డుకి అవతల ఉండాది నాయనా, ఇది మా ఇల్లు.”